సాలూరు సీమలో ఇంటి తెరలు – వాని కరెంటు లెక్క

కురుక్షేత్రమున జరుగు యుద్ధమును హస్తినాపురమున గూర్చుండియే వినగోరిన ధృతరాష్ట్రునకు వ్యాసమహర్షి సంజయుని మూలమున ఆ సౌకర్యమును గల్పించెను. దూరమున జరుగుదానిని ఇంటనే తెలిసికొనవలెనను కోరిక ఎంత ప్రాచీనమైనదో దీనివలన తెలియుచున్నది. సంజయుని దివ్యదృష్టికి మీటరు లేదు. మన యిండ్లలోని తెరలకు కలదు. ఆ మీటరు ఎట్లు తిరుగుచు వచ్చినదో, ఏ తెర ఎంత తినునో, గృహస్థు దేనిని ఎంచుకొనవలెనో చెప్పుటయే ఈ వ్యాసమునకు విషయము.

కరెంటు రాక పూర్వము మన గ్రామములలో తెర యనిన తోలుబొమ్మలాట తెరయే. పలుచని తెల్లగుడ్డ, దాని వెనుక ఆముదపు దీపములు, దీపములకును గుడ్డకును నడుమ రంగులద్దిన తోలుబొమ్మలు. ఆట తెల్లవార్లు సాగెడిది. ఎన్ని ప్రమిదలైనను ఊరంతటికి తెర యొక్కటియే. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు పనికి వచ్చును. 1932లో ‘భక్తప్రహ్లాద’ వచ్చి తెలుగు తెర మాటలాడ నేర్చిన పిమ్మట డేరా సినిమాలు పల్లెలు తిరుగజొచ్చినవి. కరెంటు లేనిచోట వారు ఆయిలింజనును వెంట తెచ్చుకొనెడివారు. అప్పుడును ఊరికి తెర యొక్కటియే.

ఇంటిలోనికి వచ్చిన తొలి వినోదయంత్రము గ్రామఫోను. ఈ యంత్రముతో సాలూరు పేరు ముడిపడియున్నది. సాలూరు సమీపముననున్న శివరామపురమున 1922లో జన్మించిన సాలూరి రాజేశ్వరరావుగారు బాల్యముననే గ్రామఫోను రికార్డులకు పాడి, 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున కృష్ణుడుగా నటించి, తరువాత ‘మల్లీశ్వరి’, ‘మిస్సమ్మ’ మొదలగు చిత్రములకు సంగీతము కూర్చి తెలుగువారికందరికి పరిచితులైరి. ఆ కాలపు గ్రామఫోనుకు కరెంటు అక్కరలేదు. పక్కనున్న పిడిని నాలుగు చుట్లు త్రిప్పిన లోపలి స్ప్రింగు బిగిసికొని, విచ్చుకొనుచు మూడు నిమిషములపాటు పాట వినిపించెడిది. ఇంటి వినోదమునకు అయిన ఇంధనము ఆ యింటివాని చేతిబలమే.

మన ప్రాంతమునకు విద్యుచ్ఛక్తి చరిత్ర యనిన మాచ్‌ఖండ్ చరిత్రయే ముందు చెప్పవలెను. సాలూరు నుండి సుంకి కనుమ నెక్కి పోయినచో వచ్చు కొరాపుట్టు సీమలో, డుడుమ జలపాతమువద్ద కట్టిన ఆ కేంద్రము 1955లో పని ప్రారంభించెను. అది ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల ఉమ్మడి సొత్తు; దాని శక్తి 120 మెగావాట్లు. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడెను. స్తంభములు ఊరూరికి నడచి వచ్చుటకు మరికొన్ని దశాబ్దములు పట్టినది. తీగ వచ్చిన ఇంట ముందు వెలిగినది బల్బు. తరువాత తిరిగినది పంకా. ఆ తరువాత పలికినది రేడియో.

నాటి వాల్వు రేడియోను చూచిన పెద్దలు ఇంకను ఉన్నారు. మీట నొక్కిన వెంటనే అది పలికెడిది కాదు. లోపలి గాజుబుడ్లు వేడెక్కవలెను. ఆ వేడికే నలుబది, ఏబది వాట్లు పోయెడివి. 1947లో అమెరికా దేశమున బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. దానిని కనుగొన్న ముగ్గురకు 1956లో నోబెల్ బహుమానము లభించినది. 1963లో విశాఖపట్నమున ఆకాశవాణి కేంద్రము వెలసిన నాటి తరువాత మన సీమలో ట్రాన్సిస్టరు రేడియో భుజమున వ్రేలాడుచు పొలముగట్లపైకిని పోయెను. వాల్వు రేడియో ఏబది వాట్లు తిన్నచోట ఇది ఒక్క వాటులోపుననే సరిపెట్టుకొనెను. ఒకే పాట, ఒకే నాటిక, ఒకే వార్తలు. ఖర్చు మాత్రము ఏబదింట నొకవంతు. ఇంటి వినోదసాధనముల చరిత్రలో ఇంత గొప్ప పొదుపు మరల జరుగలేదని చెప్పవచ్చును. అట్లయినను, ఈ పొదుపును ఎవరును పొదుపు కొఱకు కొనలేదు. చేతబట్టుకొని పోవచ్చునని కొనిరి.

టెలివిజను ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగముగా ఆరంభమైనది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరకాలము అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహము సహాయమున ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారము చేసిరి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమయ్యెను. 1982లో రంగులు వచ్చినవి. 1987 జనవరి నుండి ఆదివారము ఉదయము ‘రామాయణము’ ధారావాహికము ప్రసారమైన దినములలో, టీవీ యున్న ఇంటి వసారా చాలక వాకిటిలో చాపలు పరచెడివారు. భాష హిందీ, చూచువారిలో దానిని తెలిసినవారు కొలదిమంది. కథ తెలిసినది గనుక భాష అడ్డు రాలేదు. చిన్న నలుపు తెలుపు పెట్టెలు కొన్ని 12 వోల్టుల బ్యాటరీతోను నడచెడివి; లారీల ఊరైన సాలూరునకు బ్యాటరీకి కొదువ యేమి?

ఇచ్చట ఒక లెక్క వేయవలెను. ఆ నలుపు తెలుపు పెట్టె అరువది వాట్లది యనుకొందము. ఎదుట అరువదిమంది కూర్చున్నారు. తలకు ఒక్క వాటు! తోలుబొమ్మలాట తెర నీతియే అప్పటికిని సాగుచున్నది. నేడు ఒకే యింట తండ్రి హాలులోని పెద్ద తెరపై క్రికెట్టును, తల్లి పడకగదిలో ధారావాహికమును, పిల్లలిద్దరు చెరియొక ఫోనును చూచుచున్నారు. పెట్టెల యంత్రనైపుణ్యము పెరిగినది. పెట్టెయొక్కటికి కూర్చుండువారి సంఖ్య తరిగినది.

1995లో ఈటీవీ మొదలగు తెలుగు ఉపగ్రహ చానళ్లు వచ్చిన పిమ్మట కేబులు తీగ, రంగుల గాజు పెట్టె ఇంటింటికి చేరినవి. ఆ పెట్టెలో వెనుక నుండి ఎలక్ట్రానులను అద్దముపైకి చిమ్ము గొట్టము ఉండెను. దానికి వేలకొలది వోల్టులు కావలెను. 21 అంగుళముల పెట్టె 70 నుండి 100 వాట్ల వరకు తినెడిది. పలకవంటి తెరలు వచ్చినప్పుడు ప్లాస్మా యనునది కొంతకాలము సంపన్నుల గృహముల నలంకరించి, వేసవిలో గదిని మరింత వేడి చేసి, అంతరించెను. నిలిచినది ఎల్ఇడి. నీలి వెలుగునిచ్చు ఎల్ఇడిని సాధించినందులకు అకసాకి, అమనో, నకమురా అను మువ్వురకు 2014లో నోబెల్ బహుమానము వచ్చినది. మన వీధిదీపమున వెలుగుచున్నదియు, టీవీ తెర వెనుక వెలుగుచున్నదియు ఆ నీలి దీపపు సంతానమే.

2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టు ధరను నేలకు దించెను. 2017 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వపు ఫైబర్‌నెట్టును రాష్ట్రపతి జాతికి అంకితము చేసిరి. దాని గాజుతీగను కరెంటు స్తంభములమీదుగనే లాగుకొని వచ్చిరి. స్తంభ మొకటి, తీగలు రెండు: ఒకటి శక్తిని తెచ్చును, మరియొకటి ఆ శక్తిని ఖర్చు చేయించు బొమ్మను తెచ్చును. 2020లో తెలుగునకే ప్రత్యేకించిన ‘ఆహా’ వెలసెను. ఇట్లు సినిమా ఇంట నిలువయుండక, వేగావతి నీటివలె చూచుచుండగనే వచ్చుచు, చూచిన వెంటనే పోవుచుండుటను స్ట్రీమింగు అందురు.

ఇక లెక్క పుస్తకము విప్పుదము. వేయి వాట్ల సాధనము ఒక గంట పనిచేసిన ఒక యూనిట్టు. దినమునకు నాలుగు గంటల చొప్పున 30 దినములు చూచిన 120 గంటలు. పాత గాజు పెట్టె 90 వాట్లదైన నెలకు 10.8 యూనిట్లు. 32 అంగుళముల ఎల్ఇడి టీవీ 40 వాట్లదైన 4.8. దానినే 55 అంగుళములకు పెంచి 120 వాట్లది తెచ్చిన 14.4, అనగా పాత గాజు పెట్టెకంటెను ఎక్కువ. మడత కంప్యూటరు, దానినే లాప్‌టాప్ అందురు, 25 వాట్ల చొప్పున 3 యూనిట్లు. బల్లపై పెట్టు పెద్ద కంప్యూటరు తెరతో కూడ 120 వాట్లు తినును గనుక మరల 14.4. చేతిలోని ఫోను 3 వాట్ల చొప్పున యూనిట్టులో మూడవవంతు దాటి కొంచెము మాత్రమే. బిడ్డ చేతి ఫోనును చూచి ‘కరెంటు కాలిపోవుచున్నది’ అని గద్దించు పెద్దలు మరియొక కారణమును వెదకుకొనవలెను. కన్నులు చెడుననుట యుక్తము. కరెంటు మాట మాత్రము లెక్కకు నిలువదు.

లెక్కలో అందరును మరచునవి రెండు చిన్న పెట్టెలు. సెట్ టాప్ బాక్సు 10 వాట్లది. టీవీ కట్టినను అది వెలుగుచునే యుండును, నెలకు 7.2 యూనిట్లు. ఇంటర్నెట్టును ఇంట పంచు వైఫై పెట్టె 8 వాట్లది. రేయింబవళ్లు వెలిగిన 5.76 యూనిట్లు. రెండును కలిసి దాదాపు 13. నాలుగు గంటలు బొమ్మను చూపిన టీవీ తిన్నది 4.8, బొమ్మను చేరవేసి మూలనున్న ఈ రెండును తిన్నది దానికి రెండున్నర రెట్లకు మించినది! పాలు పోసినది ఆవు, గడ్డి తిన్నది పక్కవాని దున్న యనునట్లున్నది.

ఈ 13 యూనిట్లకు రూపాయలెన్ని? ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 సంవత్సరమునకు నిర్ణయించిన పట్టికలో గృహములకు మొదటి 30 యూనిట్లకు యూనిట్టు రూ. 1.90, 31 నుండి 75 వరకు రూ. 3; 76 నుండి 125 వరకు రూ. 4.50, 126 నుండి 225 వరకు రూ. 6. ఈ ధరలు చెరువు మెట్లవంటివి; లోనికి దిగినకొలది లోతు. నెలకు 110 యూనిట్లు కాల్చు ఇంట చివరి 13 యూనిట్లు రూ. 4.50 మెట్టున పడును. నెలకు రూ. 58.50, ఏటికి రూ. 702. కూలి డబ్బుతో గడచు ఇంట ఇది చిన్న మొత్తము కాదు. సెట్ టాప్ బాక్సును దినమునకు మూడు గంటలు మాత్రము వాడి, మిగిలిన కాలమున గోడమీట కట్టివేసిన 6.3 యూనిట్లు మిగులును, ఏటికి రూ. 340. దీనికి క్రొత్త సాధనమేదియు కొనవలసిన పనిలేదు. చేయి చాచిన చాలును. వైఫై పెట్టెను రాత్రి ఎనిమిది గంటలు కట్టిన దాని ఖర్చులో మూడవవంతు తగ్గును.

అంగడిలో చెప్పు మాట యొకటి కలదు: ‘పాత గాజు పెట్టెను పారవేయుడు, క్రొత్తది కరెంటు మిగులులోనే తన వెల తీర్చుకొనును’ అని. లెక్క వేసి చూతము. 10.8 నుండి 4.8 తీసివేసిన మిగులు 6 యూనిట్లు, రూ. 4.50 చొప్పున నెలకు రూ. 27, ఏటికి రూ. 324. క్రొత్త టీవీ పదివేల రూపాయలనుకొన్న, వెల తీరుటకు ముప్పది సంవత్సరములు దాటును. అంతకాలము ఏ టీవీ బ్రదుకును? కావున బాగుగా పనిచేయుచున్న పెట్టెను కరెంటు నెపమున పారవేయుట గృహస్థునకు నష్టము. అది చెడి, బాగుచేయింప వీలులేని నాడు మాత్రమే అంగడికి పోవలెను. ఆ నాటి ఎంపికయే తరువాతి ఎనిమిది, పది సంవత్సరముల బిల్లును నిర్ణయించును.

సాలూరున లారీ కొనువాడు మొట్టమొదట అడుగు ప్రశ్న ఏది? లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని. ఘాట్ రోడ్డు ఎక్కునపుడెంత, బరువుతోనెంత, ఖాళీగానెంత అని గుచ్చి గుచ్చి అడుగును. ఆ మనుష్యుడే ఇంటికి టీవీ కొనునపుడు ఎన్ని అంగుళములని మాత్రమే అడుగును. అడుగవలసినదానికి జవాబు పెట్టెమీదనే అంటించియుండును. 2001 నాటి ఇంధన పొదుపు చట్టము ననుసరించి 2002లో ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడెను. 2006లో నక్షత్రముల చీటీ పద్ధతి మొదలాయెను. తరువాత అది టీవీలకును వచ్చినది. ఈ చీటీని చదువుటలో ఒక మోసము కలదు. అది సంస్థ చేసిన మోసము కాదు, మన తొందర చేయునది. నక్షత్రములను తెర వైశాల్యమునుబట్టి ఇత్తురు. కావున ఐదు నక్షత్రముల పెద్ద తెర, మూడు నక్షత్రముల చిన్న తెరకంటె ఎక్కువ యూనిట్లు తినవచ్చును. నక్షత్రములను కాదు, వాని క్రింద ఏటికి ఇన్ని యూనిట్లని వ్రాసిన అంకెను చదువవలెను. అంగడిలో తెర మిరుమిట్లు గొలుపుట యందలి రహస్యమును కూడ తెలిసికొనవలెను: అచ్చట వెలుగును మిక్కిలి పెంచియుంతురు. ఇంటికి తెచ్చిన పిమ్మట దానిని గృహోపయోగపు అమరికకు మార్చిన, కన్నులకు హాయి, మీటరునకు విశ్రాంతి. మీట నొక్కినంతనే వెలుగవలెనని కొన్ని స్మార్టు టీవీలలో పెట్టు ‘త్వరిత ప్రారంభము’ అను అమరికను కట్టివేయుటయు మేలు. అది టీవీని రాత్రంతయు సగము మేలుకొలిపి యుంచును.

బొమ్మను మూటగట్టి పంపు పద్ధతి మరియొక ముఖ్యాంశము. 2003లో హెచ్.264, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1 అను పద్ధతులు వచ్చినవి. ఒక్కొక్కటి మూటను మరింత చిన్నదిగా కట్టును. మూట చిన్నదైనకొలది విప్పుట కష్టము. విప్పు పనికి ప్రత్యేకమైన అమరిక గల క్రొత్త ఫోను, క్రొత్త టీవీ సులభముగా విప్పును. అది లేని పాత కంప్యూటరు తన తెలివినంతయు ఉపయోగించి, లోపలి పంకా రొదపెట్టగా, వేడెక్కి విప్పును. పాత కంప్యూటరును టీవీకి తగిలించి సినిమాలు చూచుటకంటె, నాలుగైదు వాట్లతో నడచు వ్రేలెడంత స్ట్రీమింగు కడ్డీని తగిలించుట కరెంటునకు లాభము. ఇట్టి చిన్న యంత్రముతో స్మార్టు కాని మంచి టీవీ కూడ పదికాలములు బ్రదుకును.

దూరముననున్న సర్వరులు, తీగలు తిను కరెంటు మాట యేమని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనది. దీనిపై లోకమున ఒక పెద్ద అపప్రథ వ్యాపించినది. ఫ్రాన్సు దేశపు షిఫ్టు ప్రాజెక్టు అను సంస్థ 2019లో చేసిన లెక్కను ఆధారము చేసికొని, అరగంట స్ట్రీమింగు చూచుట 1.6 కిలోల బొగ్గుపులుసు వాయువును పుట్టించుననియు, అది కారులో నాలుగు మైళ్లు పోయినదానితో సమాన మనియు పత్రికలు చాటినవి. తరువాత 2020లో తప్పు బయటపడినది: బిట్టు అనవలసినచోట బైటు అని పలికిరి. ఎనిమిది బిట్లు ఒక బైటు. కుంచమునకు తవ్వ లెనిమిది గదా. తవ్వ కొలతను కుంచమని చిట్టాలో వ్రాసిన గుమాస్తా ధాన్యమును ఎనిమిదింతలు చేసినట్లయినది! ఎంత గొప్ప పండితులకైనను కొలత పేరు వ్రాయుటలో జాగరూకత ఉండవలెను. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2020 చివర ప్రకటించిన లెక్క ప్రకారము 2019లో ఒక గంట స్ట్రీమింగునకు సగటున 0.077 యూనిట్టు ఖర్చాయెను. అందులో చూచువాని యింటి సాధనముల వంతు నూటికి 72. తీగలు, టవరులది 23. సర్వరుల గృహములది 5. ఖర్చులో పెద్దపాలు ఎక్కడో సముద్రము ఆవల లేదు. మన గోడకే వ్రేలాడుచున్నది.

సాలూరు, పాచిపెంట, మక్కువ మండలముల కొండయూళ్లవారికి ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలెను. టవరు దూరమైనచోట ఫోను సంకేతమునకై గట్టిగా అరచినట్లు ఎక్కువ శక్తిని వెచ్చించును. బ్యాటరీ మధ్యాహ్నమునకే నీరసించును. గాజుతీగ ఇంటర్నెట్టు ఖర్చు టవరు ఇంటర్నెట్టు ఖర్చుకంటె సాధారణముగా తక్కువ. కావున సంతకు దిగి వచ్చిన దినమున మంచి సంకేతమున్నచోట సినిమాను ఫోనులోనికి దింపుకొని, ఇంటికి పోయి తీరికగా చూచుట మేలు. చిన్న తెరపై అత్యున్నత స్పష్టతను కోరుటయు అనవసరమే. గంటకు ఒక జీబీతో సరిపోవు చోట మూడు, నాలుగింతలు ఖర్చు చేయించును, కన్నునకు భేదము కానరాదు.

పెద్దలకు ఇష్టమైన పని యొకటి మిగిలినది. సాయంకాలము హాలులోని పెద్ద టీవీలో యూట్యూబు తెరచి, ‘మల్లీశ్వరి’ పాటలు పెట్టి, వంటింటిలో కూరలు తరుగుచు వినుట. తెరపై కదలని పటమొకటి నిలిచియుండును. దానిని చూచువారెవరును ఉండరు. పాటకు కావలసినది మూడు వాట్లు. చూడని పటమునకు అగుచున్నది నూట ఇరువది. అదే పాటను ఫోనులో పెట్టి, తెరను కట్టి, గూటిలో బోర్లించిన ఇల్లంతయు వినవచ్చును. రాజేశ్వరరావుగారి బాల్యమున గ్రామఫోను పాడిన నాడును పెట్టెకు తెర లేదు.